డబ్బాలో మందెంత? నూనెంత?

ఎరువుల దుకాణానికి పోయి పురుగుమందు అడిగినప్పుడు మన రైతు చూసేవి మూడే. ధర ఎంత, కంపెనీ ఏది, వాసన ఘాటుగా ఉందా లేదా. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కళ్లు మండితే "మందు గట్టిగుంది" అంటాడు. పంపులో పోయగానే నీళ్లు పాలలెక్క తెల్లగా మారితే ఇక అనుమానమే ఉండదు.

నిజానికి ఆ ఘాటు చాలావరకు మందుది కాదు. ఆ తెలుపు కూడా మందుది కాదు. అవి మందును కరిగించడానికి పోసిన నూనెవి, దానితో కలిపిన సబ్బులాంటి పదార్థానివి. ఆ నూనెనే రసాయన శాస్త్రంలో ద్రావణి అంటారు. రైతు డబ్బు పెట్టి కొనే డబ్బాలో చాలాసార్లు పెద్ద పాలు దానిదే. రైతుకు ఎవరూ చెప్పని పాలు కూడా దానిదే. మందు గురించి చెప్పేవాళ్లు ఊరికి నలుగురున్నారు. ద్రావణి గురించి చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. ఈ లోటు తీరాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ఇరవై పోను ఎనభై

డబ్బా మీద 'క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి.' అని ఉంటుంది. నూరు గ్రాముల్లో అసలు మందు 20 గ్రాములు అని దాని అర్థం. మరి మిగిలిన 80? అందులో కొద్ది భాగం సబ్బులాంటి పదార్థం. తక్కినదంతా ద్రావణి. క్వినాల్‌ఫాస్ 25 ఇ.సి., డైమిథోయేట్ 30 ఇ.సి., సైపర్‌మెత్రిన్ 10 ఇ.సి. దేన్ని తీసుకున్నా లెక్క ఇట్లాగే ఉంటుంది. సైపర్‌మెత్రిన్ 10 ఇ.సి.లో అయితే నూటికి తొంభై పాళ్లు మందు కానిదే. 2011 మే నెలలో సుప్రీంకోర్టు నిలిపివేసేదాకా మన పత్తి చేలల్లో పారిన ఎండోసల్ఫాన్ 35 ఇ.సి. కూడా ఈ కోవలోదే.

ఎకరానికి అర లీటరు 20 ఇ.సి. మందు కొట్టామంటే, అందులో సుమారు మూడున్నర వందల మిల్లీలీటర్లు ద్రావణే. పత్తికి సీజన్‌లో నాలుగుసార్లు కొడితే ఒక ఎకరం మీద లీటరున్నర దాకా ఈ నూనె పడుతుంది. పంపు మోసే మనిషి వీపు మీద, చేతుల మీద పడేది కూడా ఇదే.

ఈ నూనె ఏమిటి? ఎక్కువగా జైలీన్, లేదా పెట్రోలియం శుద్ధిలో వచ్చే సి-9 అనే ద్రావణి. రంగుల దుకాణంలో థిన్నర్ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే ఘాటు వాసనకు ఇది దగ్గరి చుట్టం. కొన్ని మందుల్లో సైక్లోహెక్సనోన్ వాడతారు. నీళ్లలో కలిసే ఎస్.ఎల్. రకం మందుల్లో వేరే ద్రావణులుంటాయి. ఇన్ని రకాలు ఎందుకో తెలియాలంటే ఒక చిన్న రసాయన సూత్రం తెలియాలి.

నీళ్ల జాతి, నూనె జాతి

ఎనుమాముల మార్కెట్‌కు మిరప పంపేముందు కాయ ఏరే ఆడకూలీలను అడగండి. చేతులు మండితే నీళ్లతో ఎంత కడిగినా మంట పోదంటారు. కొబ్బరినూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగితే తగ్గుతుందంటారు. మిరప ఘాటుకు కారణమైన పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఉప్పు దీనికి పూర్తిగా ఎదురు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, నూనెలో వేస్తే అడుగున గులకరాళ్లలా కూర్చుంటుంది.

దీనికి కారణం ధ్రువత్వం. నీటి అణువుకు ఒక కొసన కొంచెం రుణ విద్యుత్తు, ఇంకో కొసన కొంచెం ధన విద్యుత్తు ఉంటాయి. అందుకే నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. తమలాంటి కొసలున్న పదార్థాలను లోపలికి రానిస్తాయి, లేనివాటిని బయటికి నెడతాయి. ఇలాంటివాటిని ధ్రువ ద్రావణులంటారు. నూనె, కిరోసిన్, జైలీన్ అణువులకు ఈ కొసలు లేవు, ఉన్నా లేనట్టే. ఇవి అధ్రువ ద్రావణులు. ఏ జాతి పదార్థం ఆ జాతి ద్రావణిలో కరుగుతుంది. సూత్రం ఇంతే.

ఈ గుణాన్ని కొలిచేందుకు శాస్త్రజ్ఞులు ఒక అంకె వాడతారు. నీళ్లకు అది దాదాపు 80. మిథనాల్‌కు 33, ఎసిటోన్‌కు 21, సైక్లోహెక్సనోన్‌కు 16. జైలీన్‌కు రెండున్నర లోపే, హెక్సేన్‌కు రెండు లోపే. అంకె పెద్దదైతే నీళ్ల జాతి, చిన్నదైతే నూనె జాతి, నడుమ ఉన్నవి రెంటికీ కలిసేవి. జైలీన్ లీటరు నీళ్లలో పావు గ్రాము కూడా కరగదు. సైక్లోహెక్సనోన్ ఎనభై, తొంభై గ్రాముల దాకా కరుగుతుంది.

క్లోరిపైరిఫాస్, సైపర్‌మెత్రిన్ లాంటివి నూనె జాతి మందులు. వాటిని నేరుగా నీళ్లలో వేస్తే కరగవు. అందుకే కంపెనీ వాటిని ముందుగా నూనెలో కరిగించి డబ్బాకెత్తుతుంది.

పాల తెలుపు ఎక్కడిది?

నూనెలో కరిగిన మందును నీళ్లలో పోస్తే పైన తేలాలి కదా, పాలలాగా ఎందుకు కలుస్తుంది? సబ్బులాంటి పదార్థం వల్ల. దాని అణువుకు ఒక తల నీళ్లను కోరుతుంది, తోక నూనెను కోరుతుంది. అది నూనెను కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా చీల్చి నీళ్లలో నిలబెడుతుంది. ఆ బొట్ల మీద వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. గేదె పాలలో వెన్న బొట్లు ఉండి తెల్లగా కనిపించినట్టే.

ఇక్కడే మన రైతు మోసపోతున్నాడు. అసలు మందు చుక్క లేకుండా, ఉత్త ద్రావణి, సబ్బు పదార్థం కలిపి డబ్బాలో నింపినా నీళ్లు తెల్లబడతాయి, వాసన ముక్కు బద్దలు కొడుతుంది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి మీద లద్దెపురుగు విరుచుకుపడినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు. పురుగుకు మందు తట్టుకునే శక్తి పెరగడం ఒక కారణం, కల్తీ మందులు ఇంకో కారణం. అప్పులు మిగిలాయి. ఆ ఏడు ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోయిందో ఈ జిల్లాకు చెప్పనక్కర లేదు. కాబట్టి తెలుపును, వాసనను చూసి మందు మంచిదని నమ్మవద్దు. అనుమానం వస్తే బిల్లు దగ్గర పెట్టుకుని వ్యవసాయాధికారి ద్వారా నమూనా ల్యాబుకు పంపించడం ఒక్కటే దారి.

తెలుపు మందు నాణ్యతను చెప్పదు కానీ, అది నిలబడకపోతే మాత్రం తప్పక చూడాలి. 100 మిల్లీలీటర్ల కఠిన జలంలో 5 మిల్లీలీటర్ల ఇ.సి. మందు కలిపి గంటసేపు కదపకుండా ఉంచితే, పైన తేలింది, అడుగున దిగింది కలిపి 2 మిల్లీలీటర్లు మించరాదని మన దేశ ప్రమాణం. మన ప్రాంతంలో చాలా బోర్లలో సున్నం పాలు ఎక్కువ. ఆ నీళ్లలో సబ్బు నురగ రానట్టే, నాసిరకం ఇ.సి. మందు విరిగిపోతుంది. విరిగిన మందు పంపులో పైన తేలి, ఒక సాలుకు ఉత్త నీళ్లు, ఇంకో సాలుకు చిక్కటి నూనె పడతాయి. ఒక చోట పురుగు చావదు, ఇంకో చోట ఆకు మాడుతుంది.

రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపే అలవాటు మన దగ్గర ఎక్కువ. కలపకుండా ఉంటేనే మేలు. సిఫార్సు మేరకు తప్పదనుకుంటే ముందు ఒక గాజు సీసాలో లీటరు నీళ్లు పోసి, పంపుకు పోసే లెక్కనే కలిపి అరగంట చూడండి. ముందు పొడి మందు, తర్వాత చిక్కటి ఎస్.సి. మందు, ఆ తర్వాత ఇ.సి., చివర ఎస్.ఎల్. వేయాలి. పాలు విరిగినట్టు ముద్దలు కట్టినా, నూనె తేలినా, సీసా వేడెక్కినా ఆ రెండూ కలిసేవి కావు. సీసా పరీక్షకు పోయేది అరగంట. పంపులో విరిగితే పోయేది పంట.

మన తోలు నూనె జాతిదే

నీళ్లు మన ఒంటి మీద పడితే జారిపోతాయి. తోలు పైపొరలో కొవ్వు ఉండటమే కారణం. ఆ కొవ్వే జైలీన్ లాంటి నూనెను రారమ్మంటుంది. ఈ ద్రావణి తోలులోని కొవ్వును కరిగించి, తనతోపాటు మందును కూడా లోపలికి తీసుకుపోతుంది. మందు కొట్టినవారి చేతులు ఎండిపోయి పగుళ్లు బారడం ఇందుకే. ఆ పగుళ్లలోంచి మరుసటిసారి మందు ఇంకా తొందరగా దిగుతుంది.

మందు పడిన చేతిని కొందరు కిరోసిన్‌తో, పెట్రోలుతో తుడుచుకుంటారు. అది చాలా ప్రమాదం. జాతికి జాతి తోడై మందు ఇంకా లోతుకు పోతుంది. ఉత్త నీళ్లు కూడా సరిపోవు. సబ్బు, ఎక్కువ నీళ్లు, వెంటనే. అంతే. మందు పడ్డ చొక్కాను సాయంత్రం దాకా ఒంటి మీద ఉంచుకోవడమంటే, మందు పట్టీ వేసుకుని తిరిగినట్టే. చేతికి చుట్టుకునే గుడ్డ కూడా అంతే, నూనెను పీల్చుకుని తోలుకు అదిమి పెడుతుంది. మామూలు పలుచటి రబ్బరు తొడుగులను ఈ నూనె తొందరగా దాటుతుంది. నైట్రైల్ తొడుగులని అడిగి కొనండి. డబ్బా నుంచి కొలిచి పోసే ఆ ఐదు నిమిషాలే అన్నిటికంటే ప్రమాదం. ఎందుకంటే అప్పుడు మందు నీళ్లు కలవని చిక్కటి నూనె.

పంపు వాషర్లు ఉబ్బి పాడవడం అందరూ చూసిందే. రబ్బరు కూడా నూనె జాతిది కనుక ద్రావణిని తాగి ఉబ్బుతుంది. ప్లాస్టిక్ డబ్బా కూడా అంతే. ఖాళీ అయ్యాక ఎన్నిసార్లు కడిగినా గోడలోకి దిగిన మందు నీళ్లకు రాదు. ఆ డబ్బాలో తర్వాత మంచినూనె పోస్తే, నూనెకు వస్తుంది! మందు డబ్బాలను ఇంట్లో ఏ పనికీ వాడవద్దని చెప్పేది ఇందుకే. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను పంపులోనే పోసి, డబ్బాకు బొక్క పెట్టి పారేయండి.

ఎండా, నిప్పూ

జైలీన్ ఆవిరికి నిప్పు అంటుకోవడానికి దాని చుట్టూ 27 డిగ్రీల వరకు వేడి ఉంటే చాలు. వరంగల్ ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు మామూలే. పొయ్యి ఉన్న గదిలో, మోటారు స్టార్టరు పెట్టె పక్కన ఇ.సి. డబ్బాలు పెట్టడమంటే కిరోసిన్ పెట్టిన దానికంటే ఎక్కువ ప్రమాదం. పైగా దాని ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. కింద చాప వేసుకుని పడుకునే పిల్లల ముక్కుకు ముందు అందేది ఆ ఆవిరే.

చేనులో కూడా ఎండను చూసుకోవాలి. ఆకు మీద ఉండే మైనం పొర నూనె జాతిది. మిట్టమధ్యాహ్నం చిక్కగా కొడితే ద్రావణి ఆ పొరను కరిగించి ఆకు అంచులు మాడుస్తుంది. మిరప పూత మీద పడితే నష్టం ఇంకా ఎక్కువ. పొద్దున, సాయంత్రం కొట్టమనేది అందుకే.

ఆసుపత్రి చెప్పే పాఠం

వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. నూటికి ఇరవై ఇద్దరికి పైగా దక్కలేదు. 2005లో అచ్చయిన వైద్యుల పరిశోధన పత్రంలోని లెక్క ఇది. వారిలో అత్యధికులు తామే తాగినవారు. ఆ బాధకు మందు రసాయన శాస్త్రంలో లేదు, గిట్టుబాటు ధరలో, అప్పుల విముక్తిలో, ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని మాట్లాడటంలో ఉంది. కానీ ప్రాణం దక్కడం, దక్కకపోవడంలో ద్రావణికి కూడా పాత్ర ఉందని ఇప్పుడు తేలింది.

మన రైతులకు బాగా తెలిసిన డైమిథోయేట్ మీద 2012లో ఒక పరిశోధన వెలువడింది. చిన్నజాతి పందుల మీద చేసిన ఆ పరీక్షల్లో, సైక్లోహెక్సనోన్ ద్రావణిగా ఉన్న డైమిథోయేట్ ఇ.సి. చేసిన హాని, ఒట్టి డైమిథోయేట్ చేసిన హాని కంటే చాలా ఎక్కువని తేలింది. ద్రావణి మార్చి తయారు చేసిన మందులో విషం తీవ్రత తగ్గింది. అంటే డబ్బాలో ఏ నూనె పోయాలన్నది కంపెనీ సౌకర్యానికి వదిలేసే సంగతి కాదు. అది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ఇంకో మాట ప్రతి ఇంట్లో తెలియాలి. ఎవరైనా మందు మింగితే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పట్టించి కక్కించడం ఊళ్లల్లో అలవాటు. ఇ.సి. మందు మింగినవారిని కక్కించరాదు. నూనె పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి, అక్కడ వేరే ప్రమాదం తెస్తుంది. 108కి ఫోన్ చేసి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, డబ్బాను, దానితో వచ్చిన కాగితాన్ని వెంట తీసుకుపోండి. ఏ మందో, ఏ ద్రావణో డాక్టరుకు తెలిస్తే వైద్యం తొందరగా అందుతుంది.

కంపెనీల మాట, మన జవాబు

ఇ.సి. మందులు చవక అని, నూనె ఉండటం వల్లే ఆకు మైనాన్ని, పురుగు ఒంటి మీది మైనాన్ని దాటి బాగా పనిచేస్తాయని కంపెనీలు అంటాయి. అందులో నిజం ఉంది. అదే గుణం మనిషి తోలు మీద కూడా పనిచేస్తుందన్నది మిగతా సగం నిజం. 2017లో పక్కనున్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అది కూడా మనలాంటి పత్తి నేలే.

నూనె లేని మందులు రానే వచ్చాయి. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. గుళికల రూపంలో, స్పైనోసాడ్ 45 ఎస్.సి. నీళ్ల ఆధారంగా దొరుకుతున్నాయి. వీటిలో మందు విషం మందుదే, జాగ్రత్తలు తప్పవు. కానీ జైలీన్ వాసన ఉండదు, నిప్పు భయం ఉండదు. వీటికి వాసన లేదని "మందు పసలేదు" అనుకునే రైతులున్నారు. ఆ అపోహ పోవాలి. ధర ఎక్కువన్నది నిజమే. రెండెకరాల రైతుకు ఆ తేడా బరువే. అందుకే దీన్ని రైతు ఇష్టానికి వదిలేయకుండా ప్రభుత్వం పూనుకోవాలంటున్నాను.

అసలు నీళ్లనే ద్రావణిగా వాడే పద్ధతి మన పెరట్లోనే ఉంది. వేపగింజలోని అజాడిరక్టిన్ నడిమి జాతిది. కొంతవరకు నీళ్లలో దిగుతుంది. అందుకే ఐదు కిలోల గింజల పలుకు దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లు చేసుకునే కషాయం పనిచేస్తుంది. వేపనూనె మాత్రం నూనె జాతి కనుక సబ్బు కలపనిదే నీళ్లలో కలవదు. కషాయాలనే నమ్ముకుని ఊరంతా రసాయన మందులు మానేసిన ఏనెబావి అప్పటి వరంగల్ జిల్లాలోదే. ఇప్పుడు జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఉంది. చూసి రావడానికి దూరమేమీ కాదు.

మనం అడగవలసినవి

1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు వేస్తున్నారు. అవి మందు విషం ఎంతో చెబుతాయి. ద్రావణి మాట కొన్నిటిపైన ఉన్నా చీమ తలకాయంత అక్షరాల్లో, పేరు రాసి 'సరిపడా' అని ముగిస్తారు. నూటికి 70 పాళ్లున్న దానికి ఒక్క ముక్కా? యూరప్ దేశాలు 2021 మార్చిలో మందులతో కలపరాని 144 పదార్థాల జాబితా ప్రకటించాయి. మన దేశంలో కూడా ఆ పరిశీలన జరగాలి. కనీసం ఇవి అడుగుదాం.

ఒకటి. డబ్బా ముందువైపు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ద్రావణి పేరు, దాని పాలు, 'నూనె మందు' లేదా 'నీళ్ల మందు' అన్న మాట ఉండాలి. నూనె మందు అయితే 'మింగినవారిని కక్కించవద్దు' అని రాయాలి.

రెండు. ఒకే మందు నూనె రూపంలో, నీళ్ల రూపంలో దొరుకుతున్నప్పుడు నూనె రూపాన్ని క్రమంగా తగ్గించాలి. ధరలో తేడాను చిన్న రైతు మీద వేయరాదు.

మూడు. నూనె మందు అమ్మే ప్రతి దుకాణంలో నైట్రైల్ తొడుగులు కూడా అందుబాటులో ఉంచాలి.

నాలుగు. వానాకాలం పంటకు ముందే రైతు వేదికల్లో విస్తరణాధికారులు సీసా పరీక్ష చేసి చూపించాలి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం, వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం ఇందుకు పూనుకోవచ్చు. ఖర్చు నాలుగు గాజు సీసాలు, ఒక పూట సమయం.

విత్తనం కొనేటప్పుడు మొలక శాతం అడుగుతున్నాం. ఎరువు కొనేటప్పుడు నత్రజని శాతం అడుగుతున్నాం. మందు కొనేటప్పుడు కూడా దుకాణదారును ఒక్క మాట అడుగుదాం: "ఇది నూనె మందా, నీళ్ల మందా? ఏ నూనె?" ఊరికి పదిమంది ఈ ప్రశ్న అడగడం మొదలుపెడితే జవాబు చెప్పడం దుకాణదారుకు తప్పదు, డబ్బా మీద రాయడం కంపెనీకి తప్పదు.